గిరీశంగా ఎన్.టి.రామారావు: మాటల మీద నడిచే నాటకం సినిమా అయితే నటుణ్ణి దేనితో తూచాలి?

సంధ్యాతార:
అందరికీ నమస్కారం. ఈ నెలలో గురజాడ అప్పారావుగారి నాటకం ‘కన్యాశుల్కం’ ఏడంకాలూ మొదటిసారి వరసగా చదివాను. పుస్తకం మూసిన రాత్రే 1955లో పి.పుల్లయ్యగారు తీసిన సినిమా చూశాను. మనసు ఒప్పక ఆదివారం మళ్ళీ చూశాను. సావిత్రి వేసిన వేశ్య మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావుగారి లుబ్ధావధాన్లు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారి రామప్పపంతులు, ముగ్గురూ పుటల్లోంచి లేచి వచ్చినట్టే ఉన్నారు. నా పేచీ అంతా గిరీశం దగ్గరే.

చదువుతున్నప్పుడు గిరీశం నన్ను నవ్వించాడు, నవ్విస్తూనే భయపెట్టాడు. పూటకూళ్ళమ్మ డబ్బు వాడుకున్నవాడు, శిష్యుడు వెంకటేశం ఇంట్లో అన్నం తింటూ ఆ ఇంటి ఆడపిల్ల, వితంతువైన బుచ్చమ్మను లేవదీసుకుపోయేవాడు. తెరమీద రామారావుగారిని చూస్తే మాత్రం భయం వేయలేదు, ముచ్చటేసింది. ఇది ఆయన నటనలో లోపమా, లేక నేను పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని సినిమా చూడడం వల్ల వచ్చిన ఇబ్బందా? పోరాటాలు లేవు, పరుగులు లేవు, ఉన్నదంతా మాటే. అలాంటి కథలో ప్రధాన నటుడు బాగా చేశాడో లేదో ఎలా తేల్చుకోవాలి?

పాతరీలు:
మంచి ప్రశ్న. నేను రామారావుగారి పక్షాన మొదలుపెడతాను. ముందు ఆ సంవత్సరం చూడండి. 1951లో ‘పాతాళభైరవి’ తోటరాముడిగా ఇంటింటికీ తెలిసిపోయిన మనిషి. 1955 నాటికి ముప్పై రెండేళ్ళు, కథానాయకుడిగా స్థిరపడిన దశ. ఆ స్థితిలో వితంతువును మాయమాటలతో తీసుకుపోయే మనిషి వేషం ఒప్పుకోవడమే సాహసం.

రెండోది, అదే ఏడాది ‘మిస్సమ్మ’ వచ్చింది. అందులోనూ అబద్ధమాడే పాత్రే, పక్కన అదే సావిత్రి. ఉద్యోగం కోసం ఇద్దరూ భార్యాభర్తలమని చెప్పుకుంటారు. అక్కడ ఆయన అబద్ధం చెబుతుంటే ఆ అబద్ధం బరువు ఆయన భుజాల మీద కనిపిస్తుంది. గిరీశంలో ఆ బరువే లేదు. అబద్ధం ఆయనకు ఊపిరి తీసుకున్నంత సహజం. ఒకే నటుడు ఒకే ఏడాదిలో ఈ రెండు రకాల అబద్ధాలను వేరుచేసి చూపించాడంటే అది మామూలు పనితనం కాదు.

బొంకులదిబ్బ:
మాది విజయనగరం. గిరీశం మొదటిసారి నోరు తెరిచే చోటి పేరునే ఇక్కడ నా పేరుగా పెట్టుకున్నాను కాబట్టి నాకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువని ముందే చెబుతున్నాను.

మా ఊళ్ళో గిరీశం అంటే జె.వి.రమణమూర్తిగారు. ఆయన అన్నగారు సోమయాజులుగారు, ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి, రామప్పపంతులు వేసేవారు. అన్నదమ్ములిద్దరూ ఏళ్ళ తరబడి ఆ నాటకం ఆడారు. రమణమూర్తిగారి నోట ఆ మాటలు వింటుంటే ఎవరో రాసినవి వల్లిస్తున్నట్టు ఉండేది కాదు, మా వీధి చివర అరుగు మీద కూర్చున్న మనిషి మాట్లాడుతున్నట్టు ఉండేది. గ్రాంథికం రాజ్యమేలే రోజుల్లో, 1892లో, గురజాడవారు ఈ నాటకాన్ని వాడుక భాషలో ఆడించింది ఎందుకు? మాటలోనే మనిషి ఉంటాడని. రామారావుగారి గొంతు గొప్పదే, కాని నా చెవికి అది ఈ ఊరి గొంతు కాదు. పలుకు పోతే గిరీశంలో సగం పోయినట్టే.

కృష్ణాతీరం:
పలుకును బట్టి తూస్తే సావిత్రిగారిని ఏమంటారు? ఆవిడది గుంటూరు జిల్లా చిర్రావూరు. మధురవాణి విజయనగరం మనిషి. ఆవిడ విషయంలో అడ్డురాని యాస ఈయన దగ్గరే ఎందుకు అడ్డొస్తోంది?

పైగా నాటకంలో గిరీశం అందరిలా మాట్లాడేవాడు కాదు. చుట్టూ ఉన్నవాళ్ళ భాష మీద ఇంగ్లీషు పూత పూసుకుని, తాను వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఉన్నానని చాటుకునేవాడు. ఊరి పలుకులో పూర్తిగా కలిసిపోతేనే ఆ పాత్రకు లోటు. కాస్త పరాయిగా వినిపించడం తప్పని నేను అనుకోను.

బొంకులదిబ్బ:
కృష్ణాతీరం గారూ, సావిత్రిగారి మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది మాత్రం ఒప్పుకోలేను. పూత పూసుకున్నాడని తెలియాలంటే కింద అసలు రంగు ఎక్కడో ఒకచోట కనిపించాలి. కోపం వచ్చినప్పుడో, బెదిరినప్పుడో పూత చిట్లి లోపలి పలుకు బయటపడాలి. రమణమూర్తిగారిలో అది కనిపించేది.

రంగస్థలి:
నలభై ఏళ్ళుగా నాటకాలు వేస్తున్నాను. గిరీశం వేషం పరిషత్తు పోటీల్లోనూ, ఊళ్ళలోనూ చాలాసార్లు వేశాను. కాబట్టి లోపలి నుంచి ఒక సంగతి చెబుతాను.

నాటకం మొదలే గిరీశం స్వగతం. సాయంకాలమైందంటాడు. పూటకూళ్ళమ్మకు సంతలో సామాను కొనిపెడతానని నెల రోజుల కిందట ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టానంటాడు. మొదటిసారి వేసినప్పుడు ‘డాన్సింగ్ గర్ల్’ అన్న చోట ఆగి, ప్రేక్షకుల వైపు చూసి కన్ను గీటాను. హాలంతా నవ్వింది. తెర దించాక మా గురువుగారు దగ్గరకు పిలిచి, “ఎవరికి కన్ను గీటావు?” అని అడిగారు. నేను మాట్లాడలేదు. “కన్ను గీటేవాడికి తాను తప్పు చేశానని తెలుసు. గిరీశానికి ఆ ఊహే లేదు. సంతకు వెళ్ళొచ్చినవాడు లెక్క అప్పజెప్పినట్టు చెప్పు” అన్నారు. మర్నాడు అలాగే చెప్పాను. నవ్వు వెంటనే రాలేదు. ఒక్క క్షణం ఆలస్యంగా, హాలు వెనక వరసల నుంచి మొదలై ముందుకు వచ్చింది. ఆ ఆలస్యమే గిరీశం. మాట మామూలుగా వెళ్ళిపోతుంది, దాని అర్థం వినేవాడికి తరవాత తగులుతుంది.

నా కొలత ఇదే. మాటలెక్కువ ఉన్న వేషంలో నటుడు మాటను ‘పలుకుతున్నాడా’ లేక పాత్ర అవసరం కొద్దీ ఆ మాట ‘వస్తోందా’ అని చూడాలి. రామారావుగారు చాలాచోట్ల కన్ను గీటలేదు. అంత పేరున్న కథానాయకుడు “నేను మంచివాణ్ణే, ఇది వేషం మాత్రమే” అని ప్రేక్షకులకు సైగ చేయకుండా నిలబడ్డాడంటే నాకు గౌరవం.

సంధ్యాతార:
రంగస్థలి గారూ, మీరు రాసింది చదివి మొదటి అంకం మళ్ళీ తెరిచాను. ‘వాడుకున్నాను’ అనడు, ‘కాజేశాను’ అనడు, ‘ఖర్చు పెట్టాను’ అంటాడు. నేను చదివేటప్పుడు ఆ క్రియ మీద నుంచి దాటిపోయాను. ఇంకోటి అడగాలి. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకునే చోటు ఉంది కదా, అది వేయడం ఎలా?

రంగస్థలి:
అమ్మా, ఆ వేషంలో అన్నిటికంటే కష్టమైన చోటు అదే. వెంకటేశం చదువు ఎంతవరకు వచ్చిందో తల్లి వెంకమ్మకు వినిపించాలి. గురువు పిల్లల నక్షత్రం పాట అందుకుంటాడు. శిష్యుడు డేరాలో తెల్లదొర ఉన్నాడంటాడు. తరవాత బడిలో కంఠస్థం పెట్టిన పద్యం, రేఖాగణిత సూత్రం, చివరికి మిల్టన్ మహాకావ్యం మొదటి పంక్తి. అందులో నిషిద్ధ ఫలం కాస్తా మామిడిచెట్టు పండు అవుతుంది. ఒక్క వాక్యానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. వినే తల్లికి ఒక్క ముక్కా తెలియదు, మురిసిపోతుంది.

ఇక్కడ నటుడి చేతిలో అర్థం ఉండదు, స్వరం ఒక్కటే ఉంటుంది. గంభీరమైన ప్రశ్న వేసినట్టు, జవాబు విని తృప్తిపడినట్టు, మరింత లోతైన విషయంలోకి దిగినట్టు ఆ పిచ్చి ముక్కలను పలకాలి. హాస్యం చేస్తున్నానని నటుడికి గుర్తొస్తే ఘట్టం చచ్చిపోతుంది. 1955లో హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది వెంకమ్మలాంటివాళ్ళే అయి ఉంటారు, స్వరం విని నవ్వి ఉంటారు. ఇవాళ మూడేళ్ళ పిల్లకూ ఆ నక్షత్రం పాట వచ్చు. కాబట్టి ఇప్పటి నటుడికి ఆ చోట పని తేలిక.

శబ్దగ్రాహి:
సినిమా శబ్ద విభాగంలో పనిచేశాను. రంగస్థలం వైపు నుంచి వచ్చిన మాటలు విన్నాను కనుక యంత్రం వైపు సంగతి కూడా ఒకటి కలుపుతాను.

ఆ తరం తెలుగు సినిమాల్లో మాటలు చాలావరకు సెట్లో బొమ్మతోపాటే రికార్డయ్యేవి. తరవాత ఎప్పుడో చీకటి గదిలో కూర్చుని గొంతు సరిచేసుకునే వీలు ఇప్పట్లా ఉండేది కాదు. మైకు నెత్తిమీద వేలాడుతుంది. నటుడు తల ఎక్కువ తిప్పితే మాట పల్చబడుతుంది, నాటకంలోలా చివరి వరసకు వినిపించాలని గొంతు విసిరితే బద్దలవుతుంది. ఈ రెండింటి మధ్య ఉండి పొడుగాటి మాటలు తడబడకుండా చెప్పాలి, చెబుతూ నడవాలి, కూర్చోవాలి, ఎదుటివాడి మాటకు ముఖం కదలాలి. కాబట్టి ఆనాటి సినిమాలో మీరు విన్న వాచికమూ చూసిన ఆంగికమూ ఒకే క్షణానివి. ఈ కాలపు నటుణ్ణి తూచేటప్పుడు గొంతు ఎక్కడిది, ముఖం ఎక్కడిది అని విడదీసి అడగాలి. అప్పటివారిని అలా విడదీయనక్కరలేదు.

గోవిందరాజులవారూ, సి.ఎస్.ఆర్.గారూ నాటక రంగం నుంచి వచ్చి ఈ మైకుకు గొంతు తగ్గించుకున్నారు. రామారావుగారికి అంత తగ్గించుకోవలసిన అవసరం కనిపించదు, ఆయన అప్పటికే తెర మనిషి. అందువల్ల వాళ్ళిద్దరి పక్కన ఆయన మాట చప్పగా ఉందని కొందరికి అనిపించవచ్చు. అది చప్పదనం కాదు, కొలత వేరు.

మల్లెచెండు:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. సావిత్రిగారి ముందు ఆయన తేలిపోయారు. ఇద్దరూ ఒకే చట్రంలో ఉన్నప్పుడు నా కళ్ళు ఒక్కసారి కూడా గిరీశం మీదికి వెళ్ళలేదు. ఆవిడ మాట్లాడకుండా వింటూ ఉన్నా ఆవిడనే చూశాను. ప్రధాన నటుడి గురించి ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఏముంటుంది?

పాతరీలు:
మల్లెచెండు గారూ, నాటకంలో జరిగేది అదే కదా! గిరీశం అందరినీ మాటలతో పడగొడతాడు, ఒక్క మధురవాణి దగ్గర అతని ఆటలు సాగవు. ఆవిడ అతన్ని అతనికంటే బాగా చదివేసింది. ఆ గదిలో గిరీశం పెద్దగా కనిపించాడంటే దర్శకుడు పొరపాటు చేసినట్టు. ఎదుటి పాత్రకు చోటివ్వడం తెలిసిన నటుడు తనంత తాను తగ్గి నిలబడతాడు. అగ్ర కథానాయకుడు అలా తగ్గడం మనం ఎన్ని సినిమాల్లో చూశాం?

మల్లెచెండు:
తగ్గి నిలబడడానికీ తేలిపోవడానికీ తేడా ఉందండీ. తగ్గినవాడి ముఖంలో ఓటమి తెలుస్తుంది. “ఈవిడకు నా సంగతి తెలిసిపోయింది” అన్న కంగారు ఒక్క క్షణమైనా కంట్లో మెరవాలి. అది నాకు దొరకలేదు. మీకు దొరికితే ఏ ఘట్టంలోనో చెప్పండి, మళ్ళీ చూస్తాను. నిజంగా చూస్తాను.

కృష్ణాతీరం:
ఇక్కడ ఒక సంగతి మరిచిపోతున్నాం. నాటకంలో గిరీశం అసలు ప్రధాన పాత్రేనా? మొదటి అంకం అంతా అతనిదే. ఆ తరవాత చాలాసేపు కథను రామప్పపంతులు, మధురవాణి, కరటకశాస్త్రి నడుపుతారు. గిరీశం ఒక పక్కన తన పని తాను చేసుకుపోతుంటాడు. సినిమాకు వచ్చేసరికి పెద్ద నటుడు ఉన్నాడు కాబట్టి మన చూపు అతని మీదే ఉంటుంది. ఏడంకాల మాటలను ఒక సినిమా నిడివిలో ఇమిడ్చేటప్పుడు కత్తెర పడక తప్పదు. గిరీశం నోట్లోంచి ఒక వాక్యం పోతే అతని దుర్మార్గంలో ఒక పాలు తగ్గుతుంది. ఆ తగ్గుదలను నటుడి ఖాతాలో రాయకూడదు. సంధ్యాతార గారికి భయం వేయకపోవడానికి సగం కారణం అదే అయి ఉండవచ్చు. పుస్తకం పక్కన పెట్టుకుని, పోయిన మాటలు ఏవి, ఉన్న మాటలు ఏవి అని గుర్తుపెట్టుకుంటూ చూస్తే, ఉన్నవాటిని ఆయన ఎలా చెప్పాడన్నదే మిగులుతుంది. తీర్పు దానిమీదే.

నిర్వాహకులు:
ముగింపు గురించి రాసిన మూడు టపాలను ఆ చర్చ నడుస్తున్న చోటికి మార్చాము. ఇక్కడ నటన మీదే మాట్లాడుకుందాం.

బొంకులదిబ్బ:
కత్తెర సంగతి ఒప్పుకుంటున్నాను. యాస మీద నా పట్టు కూడా కొంత సడలింది. అయితే నాకు మొదటి నుంచీ తొలుస్తున్నది యాస కాదనీ, ఇంకోటనీ రాత్రి ఆలోచిస్తుంటే తెలిసింది.

గిరీశం దగ్గర ఏముంది? డబ్బు లేదు, ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. ఉన్నది నోరు ఒక్కటే. వెంకటేశాన్ని నమ్మించింది నోటితో, బుచ్చమ్మను కదిలించింది నోటితో. వీరేశలింగంగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కాలం నాటి సంస్కరణ మాటలు అవి. లోకం ఎవరి నోట వింటే చేతులెత్తి మొక్కిందో, ఆ మాటలనే ఇతను అరువు తెచ్చుకుని బుచ్చమ్మ ముందు పెట్టాడు. మాట మంచిది, నోరు చెడ్డది. భయం అక్కడుంది.

మరి తెరమీద రామారావుగారు నిలబడితే బుచ్చమ్మ మాట వినకముందే ముఖం చూసి కరిగిపోతుంది. మనమూ కరిగిపోతాం. మాట చేయవలసిన పని రూపం చేసేసింది. మాటే ప్రాణమైన నాటకంలో అంతకంటే నష్టం లేదు. అందుకే సంధ్యాతార గారికి ముచ్చటేసింది.

రంగస్థలి:
బొంకులదిబ్బ గారూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే గట్టి మాట. నేను ఇటువైపు నుంచి ఆలోచించలేదు. మా బోటివాళ్ళకు ఆ రూపం లేదు కాబట్టి మాటతోనే నెగ్గవలసి వచ్చింది, ఆ సౌకర్యం మాకు అలా దక్కింది.

నటుడు తన ముఖాన్ని ఏం చేసుకోగలడు అని అడిగేవారికి ఒక్కటే చెబుతాను. ఆ రూపాన్ని పాత్రకు ఇచ్చేయవచ్చు. అంటే, అందగాడైన గిరీశం కాదు, తన అందం తనకు తెలిసి దాన్ని మాటలతోపాటు సరుకుగా వాడుకునే గిరీశం. రామారావుగారు ఆ పని కొన్నిచోట్ల చేశారనీ, బుచ్చమ్మతో ఉన్న చోట్ల మాత్రం మానేసి మామూలు కథానాయకుడిలా ప్రేమించారనీ నా అభిప్రాయం. పక్కన ఉన్నది షావుకారు జానకిగారు. ఐదేళ్ళ ముందు ‘షావుకారు’లో వాళ్ళిద్దరిదీ నిజమైన ప్రేమ జంట. ఆ అలవాటు ఇక్కడికి నడిచివచ్చిందేమో.

శబ్దగ్రాహి:
ఒక ప్రయోగం సూచిస్తాను. ఏదైనా ఒక ఘట్టాన్ని ముందు శబ్దం ఆపి చూడండి. తరవాత కళ్ళు మూసుకుని వినండి. మూడోసారి రెండూ కలిపి, మాట్లాడుతున్నవాణ్ణి వదిలేసి వింటున్నవాళ్ళ ముఖాలు చూడండి. మాటలెక్కువ ఉన్న సినిమాలో నటుడి సత్తా నాకు మూడోసారే తెలుస్తుంది. అతని మాట ఎదుటివారి ముఖంలో ఏం చేస్తోందో అక్కడ కనిపిస్తుంది.

సంధ్యాతార:
శబ్దగ్రాహి గారు చెప్పినట్టు నిన్న రాత్రి చూశాను, బుచ్చమ్మతో మాట్లాడే చోట. ఈసారి మా అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఆవిడ నాటకం చదవలేదు, కథ తెలియదు.

శబ్దం ఆపి చూసినప్పుడు నాకు ప్రేమికుడే కనిపించాడు, రంగస్థలి గారు అన్నట్టే. కళ్ళు మూసుకుని విన్నప్పుడు మాత్రం ఇంతకుముందు పట్టని సంగతి ఒకటి పట్టింది. వెంకటేశంతో మాట్లాడే గొంతుకూ బుచ్చమ్మతో మాట్లాడే గొంతుకూ తేడా ఉంది. శిష్యుడి దగ్గర మాట పరుగెడుతుంది. ఈ అమ్మాయి దగ్గర అదే మనిషి మాట మెత్తబడి, వాక్యం చివర కాస్త ఆగుతోంది, ఆవిడ అందుకుందో లేదో చూసుకుంటున్నట్టు. అలా ఆగేది ప్రేమతో కాదు, వల లాగేముందు బరువు చూసుకునేవాడిలా ఆగుతున్నాడు. అది విన్నాక నాకు మొదటిసారి భయం వేసింది.

మూడోసారి చూస్తుండగా, జానకిగారి ముఖం మీద కళ్ళు పెట్టి అమ్మమ్మ అంది: “పాపం ఆ పిల్లకు మంచి రోజులొచ్చాయే. అబ్బాయి మంచివాడిలా ఉన్నాడు.”

బొంకులదిబ్బ:
అమ్మమ్మగారు మోసపోయారు, సరే. గిరీశం పాత్ర అక్కడ గెలిచింది. మోసపోయామని ఆవిడకు సినిమా అయ్యేలోపు తెలిసిందా? అది చెప్పండి. నాకు కావలసింది అదొక్కటే.

సంధ్యాతార:
ఇవాళ పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగాను. “వాడు ముందు ఆ పూటకూళ్ళావిడకు చేసింది చూశావు కదా, అయినా మంచివాడనే అనుకున్నావా?” అన్నాను. అమ్మమ్మ గ్లాసు పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “అంత బాగా మాట్లాడుతుంటే అది గుర్తురాలేదే” అంది. సినిమా మళ్ళీ పెట్టమంది. ఇప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని చూస్తున్నాను. మల్లెచెండు గారూ, మధురవాణి గది దగ్గరికి వస్తున్నాం, మీరు అడిగిన ఆ కంటి మెరుపు కోసం ఇద్దరం వెతుకుతున్నాం.